ఇనుప పెట్టెలో గ్రంథపాతం

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించి అచ్చువేయించిన పెద్దలకు అతి పరిచయమైన మాట ఒకటున్నది: గ్రంథపాతం. పద్యం చక్కగా నడుస్తూ వుంటుంది. రెండు పాదాలు పూర్తి అవుతాయి. మూడవ పాదం నడిమిలో పురుగు ఆకును కొరికివేసి వుంటుంది. పరిష్కర్త అక్కడ చుక్కలు పెట్టి, అడుగున 'గ్రంథపాతం' అని వ్రాసి ముందుకు సాగుతాడు. ఆ చుక్కల చోట కవి ఏమన్నాడో బ్రహ్మదేవుడికే ఎరుక. ఇంకొక ఊళ్ళో, ఇంకొకరి అటకమీద అదే గ్రంథానికి మరో ప్రతి దొరికితేనే మనకూ తెలిసేది.

తాటాకులతోపాటే ఈ బెడద కూడా పోయిందని మనలో చాలామందికి నమ్మకం. "అంతా కంప్యూటర్లో వుందిగదా, దానికి చెద ఎక్కణ్ణించి వస్తుంది?" అంటారు. చెద రాదుగాని, దాని పని చేసేది ఒకటి వస్తుంది. సాంకేతికులు దానిని 'బ్యాడ్ సెక్టరు' అంటారు. మనం 'పుచ్చుగడి' అనుకుందాం.

ఈ పుచ్చుగడి సంగతి కంప్యూటరు ఉద్యోగులు చూసుకుంటారు, మనకెందుకు అని తోసివేయడానికి వీలులేదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' అనే పథకంతో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. నాటినుంచి మన ఇంటి దస్తావేజు, పొలం హద్దులు క్రమక్రమంగా దస్త్రాల గదినుంచి డిస్కులలోకి మారాయి. బ్యాంకు ఖాతా, పిల్లవాడి మార్కులు, ఆసుపత్రి రిపోర్టులు, అమ్మాయి పెళ్ళి ఫోటోలు అన్నీ ఎక్కడో ఒక సర్వరులో వున్నాయి. సర్వరంటే మరేమీ కాదు, అడిగినవారికి అడిగినది వడ్డించే కంప్యూటరు. వడ్డించేవాడి గిన్నెకు చిల్లి పడితే పంక్తిలో కూర్చున్న అందరికీ నష్టమే గదా!

పళ్ళెంమీద ఉత్పలమాల

డిస్కు లోపల గ్రామఫోను రికార్డు వంటి పళ్ళేలుంటాయి. వాటిపై అయస్కాంత గుణం గల పల్చని పూత వుంటుంది. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ 'రామాక్' పేరుతో మొట్టమొదటి డిస్కు యంత్రాన్ని బయటపెట్టింది. దానిలో రెండేసి అడుగుల వెడల్పు గల పళ్ళేలు యాభై వుండేవి. బరువు టన్నుకు పైమాట. ఇంతా చేసి అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు. నేడు అరచేతిలో ఇమిడే డిస్కు దానికి లక్షల రెట్లు మోస్తున్నది.

గ్రామఫోను ముల్లు రికార్డును తాకుతుంది. డిస్కు ముల్లు తాకకూడదు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్ళేనికి ఎగువన, గాలి పొరమీద తేలుతూ చదువుతుంది, వ్రాస్తుంది. ముల్లుకూ పళ్ళేనికీ నడుమ వుండే ఎడం మన తల వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా వుండదు. అటువంటి చోట ఒక్క ధూళికణం చిక్కుకుంటే చాలు, పూతమీద గీత పడుతుంది. పూత ఎక్కడైనా పల్చబడవచ్చు. యంత్రానికి కుదుపు తగలవచ్చు. వ్రాస్తూ వుండగా కరెంటు పోతే సగం వ్రాసిన గడి అర్థంలేనిదిగా మిగిలిపోవచ్చు. ఈ చివరి రకానికి మందు సులభం, అక్కడ మళ్ళీ వ్రాస్తే గడి బాగుపడుతుంది. పూతే చెడిన గడికి మాత్రం చికిత్స లేదు.

ఒక గడిలో ఎంత పడుతుంది? చాలాకాలం గడికి 512 బైట్లు అనేది కొలత. నేటి పెద్ద డిస్కులలో 4096. తెలుగు లిపిని కంప్యూటరు దాచుకునే పద్ధతిలో 'క'కు మూడు బైట్లు, 'కా'కు ఆరు, 'క్ష'కు తొమ్మిది ఖర్చు అవుతాయి. సగటున అక్షరానికి ఆరు వేసుకోండి. ఉత్పలమాలకు పాదానికి ఇరవై చొప్పున ఎనభై అక్షరాలు. మొత్తం 480 బైట్లు. అంటే పాతకాలపు గడిలో కొలిచినట్లు ఒక ఉత్పలమాల ఇముడుతుంది. కొత్త గడిలో ఎనిమిది. నేడు ఒక్క గడి పుచ్చితే ఒక అష్టకం పోయినట్లే!

గుట్టుగల సంసారం

లోపం లేని డిస్కు లోకంలో లేదు. కర్మాగారంనుంచి వచ్చేనాటికే ప్రతి డిస్కులోనూ కొన్ని పుచ్చుగళ్ళు వుంటాయి. 1980 దశకంలో డిస్కుపై ఒక చీటీ అంటించి, ఏ ఏ చోట్ల పుచ్చులున్నవో పట్టిక వేసి ఇచ్చేవారు. కొన్నవాడు వాటిని కంప్యూటరుకు నమోదు చేసుకోవలసివచ్చేది. ఇప్పుడా చీటీలు లేవు. పుచ్చులు మాత్రం వున్నాయి. డిస్కు ఆ పట్టికను తనలోనే దాచుకుని, చెడిన గడికి బదులు విడిగా అట్టిపెట్టిన మంచి గడిని వాడుకుంటుంది. పైకి ఏమీ తెలియనివ్వదు. ఇంట్లో బియ్యం నిండుకున్నా నవ్వుతూ ఎదురువచ్చే ఇల్లాలివలె గుట్టుగా నెట్టుకువస్తుంది.

ఈ గుట్టులో ఒక చిక్కున్నది. వ్రాసేటప్పుడు గడి చెడిందని తేలితే బదులు గడిలో వ్రాసుకోవచ్చు. చదివేటప్పుడు తేలితే? లోపలి అక్షరాలే అందనప్పుడు బదులు గడిలో ఏమి వ్రాయాలి? కాబట్టి దానిని 'అనుమానపు గడి'గా గుర్తుపెట్టుకుని డిస్కు ఊరుకుంటుంది. ఇంకొక చిక్కు దీనికన్నా పెద్దది. ఎవరూ అడగనంతవరకు గడి చెడిన సంగతి డిస్కుకు కూడా నిశ్చయంగా తెలియదు. అయిదేళ్ళ క్రితం దాచి, మళ్ళీ తెరవని దస్త్రం ఈపాటికి పుచ్చిపోయి వుండవచ్చు. అవసరం పడి తెరిచిననాడే ఆ సంగతి బయటపడుతుంది.

డిస్కు తన ఆరోగ్యాన్ని గురించి ఒక లోపలి దినచర్య వ్రాసుకుంటూ వుంటుంది. దాని పేరు 'స్మార్ట్'. సర్వరు చూసేవారు అందులో ప్రధానంగా పరికించేవి మూడు అంకెలు. 5వ వరుసలో బదులు ఇచ్చిన గళ్ళు, 197లో అనుమానపు గళ్ళు, 198లో పరీక్షించినా చదవ శక్యం కాని గళ్ళు. ఇవి సున్నాగా వున్నంతకాలం ఫరవాలేదు. ఒకటి కనిపిస్తే కళ్ళు తెరవాలి. పెరుగుతూపోతే డిస్కు మార్చాలి.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. గూగుల్ సంస్థవారు లక్షకు పైబడిన డిస్కులను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. తనిఖీలో మొదటి పుచ్చు బయటపడిన డిస్కు, పుచ్చులేని డిస్కుకన్న తరువాతి అరవై రోజులలో చనిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువట! ఆ నివేదికలోనే మరొక విషయం కూడా వున్నది. చనిపోయిన డిస్కులలో సగానికి పైగా, ఇటువంటి ముఖ్యమైన సూచనలలో ఒక్కటైనా చూపకుండానే పోయాయి. జ్వరం వస్తే వైద్యుణ్ణి పిలవవలసిందే. జ్వరం లేదుగదా అని గుండెమీద చేయివేసుకుని నిద్రపోవడం మాత్రం కుదరదు.

ముందు తెలిసిన ప్రశ్నలు

పుచ్చు కనిపించగానే చాలామంది చేసే మొదటి పని డిస్కును మరమ్మతు చేయబోవడం. అది ప్రమాదం. మరమ్మతు కార్యక్రమాలు డిస్కును మూలమూలలా కదిలిస్తాయి, కొత్తగా వ్రాస్తాయి కూడా. అవసానదశలో వున్నవాడిచేత బస్కీలు తీయించడం వంటిదది. ముందు మంచి డిస్కుమీదికి నకలు ఎత్తాలి. మరమ్మతులేమైనా చేస్తే ఆ నకలుమీద చేయాలి.

నకలు ఎత్తడానికీ ఒక ఒడుపున్నది. మొదటినుంచి వరుసగా చదువుకుంటూ పోయే కార్యక్రమం పుచ్చుగడి రాగానే అక్కడే పట్టుబట్టి కూర్చుంటుంది. ఆ పెనుగులాటలో డిస్కు కాస్తా ప్రాణం విడవవచ్చు. 'డి.డి.రెస్క్యూ' అనే ఉచిత కార్యక్రమం తెలివైన విద్యార్థివలె నడుచుకుంటుంది. పరీక్షలో మేము పిల్లలకు చెప్పేదేమిటి? తెలిసిన ప్రశ్నలు ముందు వ్రాయండి, తెలియనివి చివరకు పెట్టుకోండి అనే గదా! ఇదీ అంతే. మొదటి చుట్టులో సులువుగా వచ్చేదంతా ఎత్తుకుని, మొరాయించిన చోట్లను ఒక పటంలో గుర్తించుకుంటుంది. తరువాత తీరికగా వాటిమీదికి వస్తుంది. అప్పటికీ రానివి చివరకు ఖాళీలుగా మిగులుతాయి. అవే మన చుక్కలు, మన గ్రంథపాతాలు. ఏ చోట పోయిందో పటంలో వుంటుంది గనుక ఏ దస్త్రం దెబ్బతిన్నదో వెతికి తెలుసుకోవచ్చు.

ఒకరికొకరు జామీను

సర్వరు ఒకే డిస్కును నమ్ముకోదు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ శాఖలో ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ అనే ముగ్గురు పరిశోధకులు, చవక డిస్కులను కొన్నిటిని కూర్చి ఒకదానికొకటి జామీనుగా నిలబెట్టే పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం వ్రాశారు. 'రైడ్' అనే పేరు అందులోదే.

దీని కిటుకు మార్కుల పట్టిక ఎరిగినవారికి ఇట్టే బోధపడుతుంది. ఒక పిల్లవాడికి తెలుగులో 62, లెక్కలలో 71, సైన్సులో 58, మొత్తం 191. ఒక్కొక్క అంకె ఒక్కొక్క డిస్కుమీద వున్నదనుకోండి. లెక్కల డిస్కు చెడిపోతే భయం లేదు. 191లోనుంచి తక్కిన రెండూ తీసివేస్తే 71 తిరిగి వస్తుంది. కంప్యూటరు ఈ కూడికకు బదులు సరి-బేసి లెక్క వాడుతుంది, సూత్రం ఒకటే.

ఇక్కడే పుచ్చుగడి మాటు వేసి వుంటుంది. లెక్కల డిస్కు చనిపోయింది. కొత్తది పెట్టి, మిగిలినవాటినుంచి ఒక్కొక్క పిల్లవాడి మార్కు తిరిగి కడుతున్నాము. నడిమిలో ఒక పిల్లవాడి సైన్సు మార్కు వున్న గడి ఎన్నడో పుచ్చిపోయిందని అప్పుడు బయటపడింది. పట్టికలో రెండు ఖాళీలు వచ్చాక ఏ తీసివేతా పనిచేయదు. కొన్ని యంత్రాలు ఆ ఒక్క గడి దగ్గర మొరాయించి మొత్తం పనినే ఆపివేస్తాయి. ఇది అరుదైన సంగతి కాదు. 2007లో వెలువడిన మరొక పరిశోధనలో 15 లక్షల 30 వేల డిస్కులను 32 నెలలపాటు గమనిస్తే, నూటికి 3.45 చొప్పున డిస్కులలో ఇట్లా దాగిన పుచ్చులు కనిపించాయి.

మరి ఉపాయం? అవసరం లేకపోయినా అప్పుడప్పుడు ప్రతి గడినీ చదివించడం. దీనిని సాంకేతికులు 'స్క్రబ్' అంటారు, తోమడం అన్నమాట. పైన చెప్పిన పరిశోధనలో పుచ్చులు సగానికి పైగా ఈ తోముడులోనే దొరికాయి. అన్ని డిస్కులూ బ్రతికి వుండగానే పుచ్చు దొరికితే, తక్కినవాటి సహాయంతో అక్షరాలను తిరిగి కట్టి ఆ గడిలో వ్రాయిస్తారు. గడి నిజంగా చెడితే డిస్కు తానే బదులు గడి ఇస్తుంది. లినక్స్ కుటుంబంలోని డెబియన్ వ్యవస్థ 'రైడ్' డిస్కులకు ఈ తనిఖీని ప్రతినెలా మొదటి ఆదివారం నాడు నడిచేటట్లు ముందే ఏర్పాటు చేసివుంచింది. ఇంటిల్లిపాదీ తలంటి పోసుకునేరోజున సర్వరు కూడా ఒళ్ళు తోముకుంటుందన్నమాట! ఇంకా జాగ్రత్తపరులు రెండు జామీను డిస్కులు పెట్టి, ఒకేసారి రెండు పోయినా తట్టుకునే ఏర్పాటు చేసుకుంటారు.

సర్వరు డిస్కుకూ ఇంటి డిస్కుకూ ఒక భేదం తెలుసుకోతగినది. ఇంటి డిస్కుకు జామీను ఎవరూ లేరు గనుక పుచ్చుగడిని పట్టుకుని చాలాసేపు ప్రయత్నిస్తుంది. సర్వరుకని చేసిన డిస్కు సుమారు ఏడు సెకండ్లు చూసి, 'నావల్ల కాదు' అని చెప్పివేస్తుంది. ఆ గడిని పక్కవాళ్ళు పూరిస్తారు. చవకగా వస్తుందని ఇంటి డిస్కును సర్వరులో పెడితే, అది ఆలోచిస్తూ కూర్చున్న సేపు చూసి, చచ్చిపోయిందని భ్రమపడి యంత్రం దానిని వెలివేస్తుంది.

ఛందస్సు కాపలా

చదవలేకపోతే డిస్కు చెబుతుంది. తప్పు చదివి, ఒప్పే చదివాననుకుంటే? అరుదైనా ఇది జరుగుతుంది. దీనికి విరుగుడు మన పూర్వులకు తెలుసు. వ్రాయసగాడు పద్యంలో ఒక అక్షరం జారవిడిస్తే, మూలం చూడకుండానే పండితుడు పట్టుకునేవాడు. గణం తప్పుతుంది, యతి చెడుతుంది, ప్రాస కలవదు. ఛందస్సు అర్థాన్ని అందగించడమే గాక పాఠానికి కాపలా కూడా కాస్తున్నది. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు విడుదల చేసిన 'జెడ్.ఎఫ్.ఎస్.' అనే దస్త్రాల వ్యవస్థ ఇటువంటి ఏర్పాటే చేసింది. ప్రతి దిమ్మెకూ ఒక సరిచూపు అంకెను కట్టి వేరేచోట దాచుతుంది. చదివిన ప్రతిసారీ లెక్క కట్టి పోల్చుతుంది. పొసగకపోతే రెండవ ప్రతి తెచ్చి, మొదటిదానిని సవరించి, మనకు మంచి పాఠమే ఇస్తుంది.

ఛందస్సు తప్పును చూపుతుందేగాని ఒప్పును ఇవ్వలేదు. దానికి ఇంకొక ప్రతి కావాలి. సి.పి. బ్రౌను పండితులకు జీతాలిచ్చి, ఒక్కొక్క గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి సరిపోల్చి చూపించింది ఇందుకే. ఒక ప్రతిలోని పుచ్చు మరొక ప్రతిలో అదేచోట వుండదు.

నీడను ప్రతి అనుకోరాదు

'రైడ్ వున్నదిగదా, ఇంకా ప్రతులెందుకు?' అనేవారున్నారు. జామీను డిస్కు నీడవంటిది. మీరు పొరపాటున దస్త్రం చెరిపితే అదే క్షణంలో అదీ చెరుపుతుంది. 1998లో పిక్సార్ సంస్థవారు 'టాయ్ స్టోరీ 2' చిత్రం తీస్తూ వుండగా ఎవరో ఇచ్చిన ఒక ఆజ్ఞతో బొమ్మల దస్త్రాలు ఒక్కొక్కటే మాయం కాసాగాయి. కథానాయకుడి టోపీ పోయింది, బూట్లు పోయాయి, చివరకు అతనే పోయాడు. సరే, ప్రతులున్నాయి గదా అని తీస్తే అవి సరిగా పనిచేయడంలేదని అప్పుడు తెలిసింది! ఆ బృందంలోని గేలిన్ సుస్మన్ అనే ఆవిడ, కొత్తగా తల్లి అయినందువల్ల ఇంటినుంచే పని చేస్తూ చిత్రాన్ని తన ఇంటి కంప్యూటర్లోకి ఎత్తుకుని వుంచింది. ఆ కంప్యూటరును దుప్పట్లు చుట్టి, కారు వెనుక సీటులో పెట్టి, బాలింతను తెచ్చినట్లు మెల్లగా తీసుకువచ్చారు. 1999లో చిత్రం విడుదలైంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు దత్తాంశాన్నే చెరిపివేశాడు. అక్కడ ప్రతులు తీసే పద్ధతులు ఒకటికి నాలుగున్నా, రోజూ నడవవలసిన ముఖ్యమైనది ఎన్నాళ్ళనుంచో విఫలమౌతూ వున్నది. ఆ సంగతి తెలిపే ఉత్తరాలు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు ఆరుగంటల ముందటి నకలు ఒకటి దొరికింది. ఆ ఆరుగంటల పని మాత్రం పోయింది.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ సర్వరుల కేంద్రంలో బ్యాటరీనుంచి మంట లేచింది. ఉద్యోగులు దస్త్రాలు దాచుకునే 'జి-డ్రైవ్' కాలిపోయింది. అందులో 858 టెరాబైట్లున్నాయి. అంత పెద్దదానికి వేరే ప్రతి ఎక్కడ పెట్టగలమని బయట ప్రతి వుంచలేదు. సాంకేతిక విద్యలో అంత ముందున్న దేశంలోనే ఇట్లా జరిగింది.

అందుకే అనుభవజ్ఞులు 'మూడు, రెండు, ఒకటి' అనే సూత్రం చెబుతారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలమీద, ఒకటి వేరే ఊళ్ళో. దీనికి నాలుగవ మాట చేర్చుకోవాలి: ప్రతిని తెరిచి చదివి చూడనిదే అది ప్రతి అని లెక్కవేయరాదు.

మన ఇంట్లో

ఇదంతా పెద్ద సర్వరులకే చెల్లుతుందనుకోకండి. ఫోనులోనూ పెన్‌డ్రైవులోనూ తిరిగే పళ్ళెం లేదుగాని, వాటి లోపలి కణాలు కూడా వ్రాసినకొద్దీ అరుగుతాయి. వాటికీ పుచ్చులున్నాయి, బదులు గళ్ళూ వున్నాయి. అవి పోయేటప్పుడు శబ్దమైనా చేయకుండా పోతాయి.

ఫోటోలు, చదువు కాగితాలు, దస్తావేజుల నకళ్ళు రెండు వేరువేరు డిస్కులమీద ఎత్తి, ఒకటి ఇంట్లో వుంచి రెండవది అన్నగారింటనో చెల్లెలింటనో పెట్టండి. ఒక ప్రతిని ఇంటర్నెట్టులో అద్దెచోట వుంచినా మంచిదే. డిస్కు ఆడుతూ వుండగా కదపకండి, తీగ ఊడబీకకండి. టకటక శబ్దం చేస్తే వెంటనే ఆపి, తెలిసినవారి చేతికివ్వండి. దస్త్రం తెరుచుకోవడం ఆలస్యమౌతూ వుంటే రేపటిదాకా ఆగకుండా నకలు ఎత్తండి.

ఏటా దసరాలలో మూలానక్షత్రం నాడు పుస్తకాలు బయటకు తీసి, దుమ్ము దులిపి, సరస్వతి ముందు పెడతాము. ఆ పీటమీద ఆ డిస్కు కూడా పెట్టండి. పూజ అయిన తరువాత పిల్లలను కూర్చోబెట్టుకుని దానిని తెరవండి. తాతగారి ఫోటో వస్తున్నదా, అమ్మమ్మ గొంతు వినిపిస్తున్నదా చూడండి. ఎక్కడైనా ఒకటి తెరుచుకోకపోతే, చెల్లెలింటి ప్రతిలో అది ఇంకా బాగానే వుంటుంది. ఆ సాయంత్రమే వెళ్ళి తెచ్చుకోండి.